మూసినా ఆగని ప్రోగ్రామ్‌లు: ఎండ్ టాస్క్ నొక్కే ముందు చూడాల్సినవి

కంప్యూటర్‌లో కుడి పక్క పై మూలన ఉండే ఎక్స్ గుర్తు నొక్కితే ప్రోగ్రామ్ ఆగిపోతుందని అందరం అనుకుంటాం. విండో మాయమవుతుంది, కింద టాస్క్‌బార్‌లో బొమ్మ కూడా పోతుంది, ఇంకేం, పనైపోయింది అనుకుంటాం. కాసేపాగి అదే ప్రోగ్రామ్ మళ్లీ తెరుద్దామంటే "ఇది ఇప్పటికే నడుస్తోంది" అని మెసేజ్ వస్తుంది. ఫైల్ పేరు మారుద్దామంటే వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందంటుంది. పెన్‌డ్రైవ్ తీద్దామంటే డివైస్ వాడకంలో ఉందంటుంది. ఇవేవీ లేకపోయినా ల్యాప్‌టాప్ ఫ్యాను ఆగకుండా మోగుతూ ఉంటుంది, బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది, స్క్రీన్ మీద చూస్తే ఏమీ తెరిచి ఉండదు.

విశాఖలో చిన్న ఆఫీసులకీ, జిరాక్స్ సెంటర్లకీ, కొన్ని క్లినిక్‌లకీ కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, మద్దిలపాలెం, అప్పుడప్పుడు గాజువాక దాకా. వచ్చే ఫోన్లలో ఈ బాపతువి చాలానే ఉంటాయి. "బాబూ, క్లోజ్ చేసేశాను గానీ ఇంకా నడస్తందంటాది, ఏటి చెయ్యమంటావు?" అని అడుగుతారు. కొందరైతే అడగరు కూడా, టాస్క్ మేనేజర్ (కంప్యూటర్‌లో నడుస్తున్నవన్నీ చూపించే విండో) తెరిచి ఎండ్ టాస్క్ (బలవంతంగా ఆపే బటన్) కొట్టేసి, ఆ తర్వాత డేటా తెరుచుకోకపోతే అప్పుడు ఫోన్ చేస్తారు. ఈ పోస్టు వాళ్ల కోసమే. ఎండ్ టాస్క్ తప్పని నేను చెప్పట్లేదు, నేనూ రోజూ వాడతాను. కానీ ఆ ప్రాసెస్, అంటే వెనకాల నడుస్తున్న ప్రోగ్రామ్, ఇంకా ఎందుకు బతికి ఉందో అర నిమిషం చూసి నొక్కడం వేరు, చూడకుండా నొక్కడం వేరు. ఆ అర నిమిషంలో ఏం చూడాలన్నదే నేను చెప్పదలుచుకున్నది.

ముందు ఎక్స్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. విండోస్‌లో ఆ గుర్తు నొక్కగానే ఆ విండోకి "మూసుకో" అని ఒక మెసేజ్ వెళ్తుంది, ప్రోగ్రామర్లు దాన్ని డబ్ల్యూఎం క్లోజ్ అంటారు. అది విన్నపం మాత్రమే. దాన్ని అందుకున్న ప్రోగ్రామ్ ఏం చేయాలన్నది దాన్ని రాసినవాళ్ల ఇష్టం. విండోని తీసేసి తనూ ముగిసిపోవచ్చు, "సేవ్ చేయాలా?" అని అడగొచ్చు, విండోని కనబడకుండా దాచేసి తను మాత్రం వెనకాల నడుస్తూ ఉండొచ్చు. విండో ఒకటి, దాని వెనక నడిచే ప్రాసెస్ ఇంకొకటి. పూర్ణా మార్కెట్‌లో రాత్రి షట్టరు దించాక కూడా లోపల లెక్కలు చూసుకుంటూ ఉంటారే, అలాగన్నమాట. మనం చూసేది షట్టరు ఒక్కటే.

కాబట్టి మూసినా నడుస్తోందంటే కారణాలు చాలా ఉండొచ్చు, అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది, కావాలని అలా రాసిన ప్రోగ్రామ్‌లు. చాటింగ్ ప్రోగ్రామ్‌లు, మీటింగ్ ప్రోగ్రామ్‌లు, ఆటలు డౌన్‌లోడ్ చేసుకునే స్టీమ్ లాంటివి, వన్‌డ్రైవ్ లాంటి సింక్ ప్రోగ్రామ్‌లు ఎక్స్ నొక్కితే గడియారం పక్కన ఉండే చిన్న బొమ్మల వరసలోకి వెళ్లి కూర్చుంటాయి. అక్కడ పైకి చూపే బాణం గుర్తు నొక్కి, ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, క్విట్ అనో ఎగ్జిట్ అనో నొక్కితే నిజంగా ఆగుతాయి. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట, క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడుస్తూ ఉండాలా అని ఒక స్విచ్ ఉంటుంది. ఎడ్జ్‌లో అలాంటిదే ఒకటి, దానికి తోడు స్టార్టప్ బూస్ట్ అని ఇంకోటి. తర్వాతిసారి త్వరగా తెరుచుకోవడానికి కొన్ని ప్రాసెస్‌లను ముందే సిద్ధంగా ఉంచుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లలో నేను వెళ్లగానే మొదట ఆపేవి ఇవే. ఇక్కడ చెడిపోయిందేమీ లేదు, రిపేరు అక్కర్లేదు, సెట్టింగ్ మారిస్తే చాలు. అది మార్చకుండా రోజూ టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి చంపుతూ కూర్చుంటే రేపు మళ్లీ వస్తుంది. మ్యాక్ వాడేవాళ్లకి ఇది మామూలు విషయమే, అక్కడ ఎర్ర చుక్క నొక్కితే చాలా ప్రోగ్రామ్‌లలో విండో మాత్రమే పోతుంది, ప్రోగ్రామ్ పోవాలంటే కమాండ్, క్యూ కలిపి నొక్కాలి.

రెండో రకం, పని ఇంకా అవ్వలేదు కాబట్టి ఆగనివి. పెద్ద ఫైల్ సేవ్ చేస్తూ ఉండొచ్చు, ఔట్‌బాక్స్‌లో మెయిల్ ఇంకా వెళ్తూ ఉండొచ్చు, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మూసేటప్పుడు బ్యాకప్ తీస్తూ ఉండొచ్చు. ఇది మాత్రం దయచేసి చంపకండి. ఎలా తెలుస్తుందంటే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, ఆ ప్రోగ్రామ్ వరస చూడండి. సీపీయూ, డిస్క్, నెట్‌వర్క్ అని మూడు నిలువు గడులు ఉంటాయి. డిస్క్ గడిలోనో నెట్‌వర్క్ గడిలోనో అంకెలు మారుతూ ఉంటే అది పనిచేస్తోందన్నమాట, ఆగండి. టీ తాగి రండి. ఆఫీసులో అందరూ సాయంత్రం ఇంటికెళ్లే హడావుడిలో ఉంటారు కాబట్టి చాలా డేటా సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే పాడవుతుంది, ఇది నేను చాలా చోట్ల చూశాను. అన్ని అంకెలూ సున్నా దగ్గర కదలకుండా ఉంటే అప్పుడు అది దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం. సీపీయూ ఒక్కటే గట్టిగా ఎక్కి దిగకుండా ఉండి, డిస్క్‌లో ఏ కదలికా లేకపోతే ఎక్కడో లూప్‌లో, అంటే ఒకే పనిని తెగకుండా మళ్లీ మళ్లీ చేస్తూ, ఇరుక్కుని ఉండొచ్చు. ఈ మూడు స్థితులూ విడదీయగలిగితే సగం పని అయినట్టే.

విండోస్‌లో "నాట్ రెస్పాండింగ్" అని విండో పైన కనబడితే కంగారు పడక్కర్లేదు. ఒక విండో 5 సెకన్ల పాటు మెసేజ్‌లకు జవాబివ్వకపోతే విండోస్ దానికి ఆ పేరు తగిలిస్తుంది, అంతే. నెమ్మదిగా ఉన్న హార్డ్ డిస్క్ మీద పెద్ద ఎక్సెల్ షీట్ సేవ్ అవుతుంటే 5 సెకన్లు ఓ లెక్కా!

ఇక నన్ను నిజంగా ఆలోచింపజేసేది మూడో రకం. ప్రోగ్రామ్ ముగిసిపోదామనే చూస్తుంది, కానీ దాన్ని ఇంకేదో పట్టుకుని ఉంటుంది. యాడ్-ఇన్ (ప్రోగ్రామ్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) కావచ్చు, ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కావచ్చు, పోయిన నెట్‌వర్క్ డ్రైవ్ కావచ్చు, కనబడకుండా ఎక్కడో తెరుచుకుని ఉన్న "సేవ్ చేయాలా?" పెట్టె కావచ్చు.

ద్వారకానగర్ వైపు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జరిగింది చెప్తాను. నెలనెలా 20వ తేదీ దగ్గర పడితే జీఎస్టీ రిటర్నుల టెన్షన్ ఎలా ఉంటుందో తెలిసిందే. అక్కడ పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, షీట్ తెరిస్తే రీడ్ ఓన్లీ అంటోంది, ఎవరో ఎడిట్ చేస్తున్నారట, ఆ ఎవరో అంటే నా పేరే చూపిస్తోంది. నా మెషీన్‌లో ఎక్సెల్ అసలు తెరిచే లేదు." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆవిడ తెరవలేదు. వాళ్లు వాడే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే అది లోపల్లోపల ఎక్సెల్‌ని కనబడకుండా తెరిచి, అందులో అంకెలు నింపి, మూసేయాలి. ఆ మూసేసే పని సరిగ్గా చేయట్లేదు. ఎక్సెల్‌ని వేరే ప్రోగ్రామ్ ఇలా వాడుకున్నప్పుడు, అది పట్టుకున్న ప్రతి వస్తువునీ, అంటే షీటునీ, వర్క్‌బుక్‌నీ, ఎక్సెల్‌నీ తిరిగి వదిలిపెట్టాలి. ఒక్కటి వదలకపోయినా ఎక్సెల్ ప్రాసెస్ వెనకాల అలాగే ఉండిపోతుంది. రోజుకి ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ నొక్కితే అన్ని ఎక్సెల్‌లు పోగుపడతాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ అనే చోటికి వెళ్లి, పైన నిలువు గడుల పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో కమాండ్ లైన్ అన్నది టిక్ పెట్టండి. ఇప్పుడు ప్రతి ప్రాసెస్‌నీ ఏ మాటలతో మొదలుపెట్టారో కనబడుతుంది. మనం తెరిచిన ఎక్సెల్ అయితే మామూలుగా ఫైల్ పేరు ఉంటుంది. వేరే ప్రోగ్రామ్ వెనకాల నుంచి తెరిచినదైతే ఆ వరసలో ఆటోమేషన్, ఎంబెడింగ్ అనే మాటలు ఉంటాయి. అలా ఉన్న వాటిని మాత్రం ఏరి ముగించేస్తే మనం తెరుచుకున్న మిగతా షీట్లకి ఏమీ కాదు. ఎక్సెల్ అని కనబడ్డవన్నీ కొట్టేస్తే అప్పుడు చేస్తున్న పని కూడా పోతుంది. ఆటో రికవర్ (ఎక్సెల్ తనంతట తాను తీసిపెట్టుకునే కాపీ) మామూలుగా 10 నిమిషాలకోసారి తీసుకుంటుంది, అంటే చివరి 10 నిమిషాల పని పోవచ్చు. రిటర్నుల రోజు అది చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో దాచి ఉన్న ఫైళ్లు చూపించమని అడిగితే, టిల్డె, డాలర్ గుర్తులతో మొదలయ్యే చిన్న ఫైల్ ఒకటి కనబడుతుంది. ఎవరు తెరిచారో రాసిపెట్టుకునే ఫైల్ అది. ప్రాసెస్ సరిగ్గా ముగిస్తే అదే చెరిగిపోతుంది, మధ్యలో తెగిపోతే మిగిలిపోతుంది. అసలు షీట్‌ని నిజంగా ఎవరూ తెరిచి లేరని రూఢి చేసుకున్నాకే దాన్ని తీసేయాలి. లిబ్రేఆఫీస్‌లో కూడా ఇలాంటి లాక్ ఫైల్ ఉంటుంది. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ వివరాలన్నీ స్క్రీన్‌షాట్లతో రాసి పంపాం. నిజమైన రిపేరు జరగాల్సింది వాళ్ల దగ్గర.

నెట్‌వర్క్ డ్రైవ్ సంగతి విశాఖలో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రానికి దగ్గరున్న ఆఫీసుల్లో ఉప్పుగాలికి చవకరకం నెట్‌వర్క్ కేబుల్ కొనలు చిలుము పడతాయి, కొత్తగా వేసినవే కొన్నాళ్లకి పట్టు తప్పుతాయి. కనెక్షన్ పూర్తిగా పోదు, వస్తూ పోతూ ఉంటుంది. డేటా సర్వర్ మెషీన్ మీద ఉండి, ప్రోగ్రామ్ మన మెషీన్ మీద నడుస్తుంటే, మూసేటప్పుడు అది సర్వర్‌లో ఏదో రాయడానికి ప్రయత్నించి అక్కడే వేలాడుతుంది. చూసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ పాడైనట్టుంటుంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయిస్తారు, డబ్బులు కడతారు, నాలుగు రోజులకి మళ్లీ అదే. కాబట్టి సర్వర్ ఫోల్డర్ తెరుచుకుంటోందా లేదా అన్నది ముందు చూడండి. ఫోల్డర్ తెరవడానికే ముక్కుతుంటే కేబుల్ మార్చి చూడండి. చిన్న ఖర్చు.

ప్రింటర్ కూడా అంతే. కాగితం ఇరుక్కునో, ప్రింటర్ కట్టేసి ఉండో, ప్రింట్ జాబ్ క్యూలో ఆగిపోతే దాన్ని పంపిన ప్రోగ్రామ్ కొన్నిసార్లు ఆ జాబ్ తేలేదాకా వెళ్లదు. ప్రింట్ క్యూ తెరిచి, ఆగిపోయిన జాబ్ తీసేయండి. అదీ పోకపోతే సర్వీసెస్‌లోకి (వెనకాల నడిచే విండోస్ పనుల జాబితా) వెళ్లి ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్ క్యూని నడిపేది) ఆపి మళ్లీ మొదలుపెట్టండి. చాలాసార్లు ప్రోగ్రామ్ దానంతట అదే ముగిసిపోతుంది, మనం దాన్ని ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

ఎవరు ఎవరి కోసం ఆగారో తెలుసుకోవడానికి విండోస్‌లోనే ఒక సదుపాయం ఉంది, చాలామందికి దాని సంగతి తెలియదు. డీటెయిల్స్‌లో ఆ ప్రాసెస్ మీద రైట్ క్లిక్ చేస్తే అనలైజ్ వెయిట్ చైన్ అని వస్తుంది. ఫలానా ప్రాసెస్ ఫలానా దాని కోసం ఎదురుచూస్తోందని చెట్టు బొమ్మలా చూపిస్తుంది. అన్నిసార్లూ చెప్పలేదు, కానీ చెప్పినప్పుడు సూటిగా చెప్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఒకటి, 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్లని తనలో కలుపుకుంది. ఉచితం, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరగొచ్చు. ఇందులో ఏ ప్రాసెస్ ఏ ప్రాసెస్‌కి పుట్టిందో తల్లీపిల్లల వరసలో కనబడుతుంది. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఫైల్ పేరు కొడితే ఆ ఫైల్‌ని ఎవరు పట్టుకుని ఉన్నారో చెప్పేస్తుంది. ఇది తెలియనివాళ్లకి పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్ల సంచీలో ఫైల్ లాక్‌స్మిత్ ఉంది, ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు.

మద్దిలపాలెంలో ఒక జిరాక్స్ సెంటర్ ఉంది, యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్ట్ రిపోర్టులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ప్రింట్లు తీయించుకుంటారు. పీడీఎఫ్ మూసేస్తారు, పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ అవదు, వెనక లైను పెరిగిపోతుంది, పిల్లలు లాగేసుకుని వెళ్లిపోతారు. మరుసటి రోజు ఫైల్ తెరుచుకోలేదని వస్తారు. సెంటర్ నడిపే గురువులు గారికి నేను ఒకటే చూపించాను. ఈవెంట్ వ్యూయర్ (విండోస్‌లో జరిగినవి రాసిపెట్టే చోటు) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అన్నదానిలోకి వెళ్తే, ఎజెక్ట్ అవ్వనప్పుడల్లా కర్నెల్ పీఎన్‌పీ అనే పేరుతో 225 నంబరు ఎంట్రీ ఒకటి పడుతుంది. ఏ ప్రోగ్రామ్ అడ్డుపడిందో దాని పేరు, ప్రాసెస్ నంబరుతో సహా అందులో రాసి ఉంటుంది. అక్కడ చూస్తే పీడీఎఫ్ ప్రోగ్రామ్ తాలూకు వెనకాల మిగిలిపోయిన ప్రాసెస్ దొరికింది. అది సెట్టింగ్స్‌లో ఆపే వీలుంది, ఆపేశాం. కొన్ని మెషీన్లలో ఫోల్డర్ పక్కన ప్రివ్యూ చూపించే గడి కూడా ఫైల్‌ని పట్టుకుని ఉంటుంది, దాన్ని కట్టేస్తే సరిపోతుంది. ఇన్నాళ్లూ "ఈ మెషీన్ ఇంతే" అనుకున్నాయన ఇప్పుడు తనే చూసుకుంటున్నారు. అది చూస్తే నాకు చాలా సంతోషం.

ఇంజనీరింగ్ పిల్లలకి ఒక మాట. మీ ప్రాజెక్టుల్లో ఇదే జబ్బు మీరే పెట్టుకుంటున్నారు. సీ షార్ప్‌లో లాగిన్ ఫామ్‌తో ప్రోగ్రామ్ మొదలవుతుంది, పాస్‌వర్డ్ సరిపోగానే లాగిన్ ఫామ్‌ని హైడ్ చేసి మెయిన్ ఫామ్ చూపిస్తారు. యూజర్ మెయిన్ ఫామ్ మూసేస్తాడు. కానీ అప్లికేషన్ రన్ అని మీరు ఇచ్చింది లాగిన్ ఫామ్‌ని, అది దాక్కుని ఉందే తప్ప మూసుకోలేదు, కాబట్టి ప్రాసెస్ అలాగే ఉంటుంది. తర్వాత విజువల్ స్టూడియోలో బిల్డ్ కొడితే ఫైల్ వేరే ప్రాసెస్ వాడుతోందని ఎర్రర్ వస్తుంది, యాంటీవైరస్ మీద అనుమానపడతారు. జావా స్వింగ్‌లో జేఫ్రేమ్‌కి ఏమీ చెప్పకపోతే ఎక్స్ నొక్కినప్పుడు విండోని దాచడమే దాని అలవాటు, ముగించమని మీరే చెప్పాలి. డాట్‌నెట్‌లో మీరు కొత్త థ్రెడ్ తెరిస్తే అది మామూలుగా ఫోర్‌గ్రౌండ్ థ్రెడ్, అది ముగిసేదాకా ప్రాసెస్ ముగియదు. దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా మార్చొచ్చు, కానీ అప్పుడు ప్రోగ్రామ్ వెళ్లిపోతూ ఆ థ్రెడ్‌ని మధ్యలో తెంచేస్తుంది. ఆ థ్రెడ్ ఫైల్‌లో ఏమైనా రాస్తుంటే అది సగంలో ఆగుతుంది. అందుకే ఆగమని థ్రెడ్‌కి చెప్పి, అది ఆగేదాకా చూసి వెళ్లడం మంచి పద్ధతి. మీరు మూసేటప్పుడు ఏదైనా పని మిగిలి ఉంటే స్క్రీన్ మీద "డేటా సేవ్ అవుతోంది, కాస్త ఆగండి" అని ఒక్క ముక్క చూపించండి. ఆ ఒక్క ముక్క లేక ఎంతమంది చంపకూడనిది చంపుతున్నారో!

ఇప్పుడు చంపడం గురించి. అన్నీ చూశాక, అది నిజంగా పనికిరాకుండా వేలాడుతోందని తేలాక, నేను వెళ్లే వరస ఇది. ముందు ప్రోగ్రామ్ లోపలి మెనూలో ఎగ్జిట్ ఉంటే అది. లేకపోతే గడియారం పక్కన బొమ్మ నుంచి క్విట్. అదీ కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో టాస్క్‌కిల్, కానీ బలవంతపు స్విచ్ లేకుండా. అలా వాడితే అది మర్యాదగా మూసుకోమని మళ్లీ అడుగుతుంది, ప్రోగ్రామ్‌కి సర్దుకునే వీలుంటుంది. విండో అసలే లేని ప్రాసెస్‌లైతే దీనికి లొంగవు. అప్పుడు స్లాష్ ఎఫ్ తగిలించి బలవంతంగా, పిల్ల ప్రాసెస్‌లు కూడా ఉంటే స్లాష్ టి కలిపి. టాస్క్ మేనేజర్‌లో అయితే డీటెయిల్స్‌లో ఎండ్ ప్రాసెస్ ట్రీ. పిల్లల్ని వదిలేసి తల్లిని ఒక్కదాన్నే ముగిస్తే ఫైల్‌ని పట్టుకున్న పిల్ల ప్రాసెస్ అలాగే ఉండిపోతుంది, మళ్లీ అదే తలనొప్పి. విండోస్ 11లో ఫర్ డెవలపర్స్ అనే సెట్టింగ్‌లో (కొత్త అప్‌డేట్లలో దాని పేరు అడ్వాన్స్‌డ్) ఎండ్ టాస్క్ ఆన్ చేసుకుంటే టాస్క్‌బార్ బొమ్మ మీదే రైట్ క్లిక్‌తో ముగించొచ్చు. సౌకర్యమే, కానీ అకౌంట్స్ మెషీన్లలో నేను దాన్ని ఆన్ చేయను. చేతికి అంత దగ్గరగా ఉండకూడదు.

కొన్నిటి జోలికి అసలు వెళ్లకండి. సీఎస్ఆర్ఎస్ఎస్, విన్‌ఇనిట్, ఎల్‌సాస్ లాంటి పేర్లు కనబడితే అవి విండోస్ ప్రాణాలు, వాటిని ముగిస్తే మెషీనే పడిపోతుంది. ఎస్‌వీసీహోస్ట్ పేరుతో చాలా కనబడతాయి, అవి వైరస్‌లు కావు, సర్వీసులని నడిపేవి. మై ఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్‌లు సర్వీసులుగా నడుస్తాయి, మీ ప్రోగ్రామ్ మూసినా అవి నడుస్తూ ఉండటమే సరైన పద్ధతి. వాటిని ఆపాలంటే సర్వీసెస్‌లోకి వెళ్లి ఆపాలి. అవి మధ్యలో తెగినా లాగ్ చూసుకుని మళ్లీ నిలబడగలవు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ లాంటి ఫైల్ డేటాబేస్‌లకి ఆ బలం తక్కువ, రాస్తుండగా తెంచితే ఫైలే పాడవొచ్చు. పాత హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లు, ఫీజుల సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇలాంటి ఫైల్ మీదే నడుస్తుంటాయి. అలాంటి మెషీన్‌లో ఏ ప్రాసెస్‌ని ముగించినా ముందు ఆ డేటా ఫైల్‌కి ఒక కాపీ తీసిపెట్టుకోండి.

ఎండ్ టాస్క్ నొక్కినా పోని ప్రాసెస్‌లు కూడా ఉంటాయి. డ్రైవర్ లోపల ఏదో పని ముగిసేదాకా విండోస్ వాటిని వదల్లేదు. చెడిపోతున్న హార్డ్ డిస్క్, వదులైన యూఎస్‌బీ తీగ, స్కానర్ డ్రైవర్ దీనికి మామూలు కారణాలు. లైనక్స్‌లోనూ ఇంతే. అక్కడ కిల్ అంటే మొదట వెళ్లేది 15 నంబరు సిగ్నల్, అంటే మర్యాదగా అడగడం. 9 నంబరు అయితే ప్రోగ్రామ్‌కి మాట్లాడే అవకాశమే ఇవ్వదు. అయినా పీఎస్ లిస్టులో (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా) డి అక్షరం చూపించే ప్రాసెస్‌లు, అంటే డిస్క్ జవాబు కోసం ఆగినవి, ఆ 9కి కూడా వెంటనే పోవు. జెడ్ అక్షరం ఉన్నవి ఇప్పటికే చనిపోయినవి, వాటిని చంపాలని కుస్తీ పట్టక్కర్లేదు, తల్లి ప్రాసెస్‌ని చూడండి.

రోజూ అదే ప్రోగ్రామ్ ఇలా చేస్తుంటే చంపడం ఆపి కారణం వెతకాలి. వర్డ్, ఔట్‌లుక్ లాంటివైతే సేఫ్ మోడ్‌లో, అంటే యాడ్-ఇన్‌లు లేకుండా, తెరిచి మూసి చూడండి. అప్పుడు సరిగ్గా ముగిస్తే యాడ్-ఇన్‌లలో ఏదో ఒకటి పట్టుకుంటోందన్నమాట, ఒక్కొక్కటీ తీస్తూ పోతే దొరుకుతుంది. మిగతా ప్రోగ్రామ్‌లకి క్లీన్ బూట్ ఉంది. ఎంఎస్ కాన్ఫిగ్ అనే విండోస్ పనిముట్టులో మైక్రోసాఫ్ట్ సర్వీసులని దాచి, మిగతావన్నీ ఆపి, రీస్టార్ట్ చేసి, సగం సగంగా ఆన్ చేస్తూ చూడటం. ఓపిక కావాలి, కానీ ఒకసారి కూర్చుంటే తేలిపోతుంది.

చివరగా రీస్టార్ట్ సంగతి. "సార్, రాత్రి కట్టేసి పొద్దున్న తెరిచాను, అయినా అలాగే ఉంది" అని చాలామంది అంటారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రామ్‌లు మూసుకుంటాయి కానీ విండోస్ లోపలి భాగం, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచుకుని పొద్దున్న అదే తిరిగి తెచ్చుకుంటుంది. ఇరుక్కున్న డ్రైవర్ ఇరుక్కున్నట్టే తిరిగి రావొచ్చు. అదే మెనూలో రీస్టార్ట్ కొడితే అంతా కొత్తగా మొదలవుతుంది. అదీ కాక సైన్ ఇన్ ఆప్షన్స్‌లో, తెరిచి ఉన్న యాప్‌లని గుర్తుపెట్టుకుని మళ్లీ లాగిన్ అవగానే తెరిచే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని కూడా చూడండి.

ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే ఎవరికైనా ఫోన్ చేసే ముందు నాలుగు విషయాలు రాసిపెట్టుకోండి: డీటెయిల్స్‌లో ఉన్న ప్రాసెస్ పేరు, దాని కమాండ్ లైన్, ఆ సమయంలో సీపీయూ, డిస్క్ అంకెలు కదులుతున్నాయా లేదా, మూసే ముందు చివరగా చేసిన పని ఏంటి. ప్రింట్ కొట్టారా, ఎక్స్‌పోర్ట్ నొక్కారా, సర్వర్ ఫోల్డర్ తెరిచారా. ఫోన్‌తో ఆ స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినా చాలు, నేను మీ దాకా రావాల్సిన పని లేకుండా అక్కడికక్కడే తేలిపోయేవి చాలా ఉంటాయి. ఫొటో తీసేదాకా మాత్రం ఎండ్ టాస్క్ నొక్కకండి, నొక్కితే చూడటానికి అక్కడ ఏమీ మిగలదు.